చూరు నీళ్లకు దారి: డెల్టా పెరట్లో చిత్తడి తోట

పైకప్పు మీద పడిన వాన నీటిని పెరట్లో ఒక పల్లంలోకి మళ్లించి, అక్కడ తడి నేల కోరుకునే మొక్కలు పెంచితే దాన్ని చిత్తడి తోట అంటున్నారు. దీని గురించి దొరికే సలహాలు చాలావరకు చలి దేశాల్లో పుట్టినవి. రెండడుగుల గొయ్యి తవ్వండి, ప్లాస్టిక్ పట్టా పరవండి, పట్టాకు అక్కడక్కడ చిల్లులు పెట్టండి, పీట్ మట్టి (చలి దేశాల చిత్తడి నేలల్లో నాచు కుళ్లి పేరుకునే మట్టి) నింపండి, చూరు గొట్టం అందులోకి తిప్పండి. అంతే. ఏడాది పొడవునా సన్నటి జల్లులు పడే చోట, భూగర్భ జలం లోతుగా ఉండే చోట ఈ పద్ధతికి వంక పెట్టడానికి లేదు. గోదావరి డెల్టాలో, అమలాపురంలోనో భీమవరంలోనో దాన్ని ఉన్నదున్నట్టు దింపితే మాత్రం ఆగస్టు కల్లా మురుగు గుంట తయారవుతుంది, మే నెలలో బీటలు వారిన గొయ్యి మిగులుతుంది. చాలామంది మొక్క సరిపడలేదనుకుంటారు. నిజానికి సరిపడనిది నీటి లెక్క.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు అంటే సుమారు 93 చదరపు మీటర్లు. స్లాబు పీల్చుకున్నదీ చిందిపోయినదీ కలిపి పదో వంతు తీసేసినా, మిల్లీమీటరుకు 84 లీటర్ల చొప్పున గొట్టాల్లోంచి దిగుతుంది. ఒక్క రోజులో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షం అంటుంది. వాయుగుండం పట్టిన రోజున 100 మిల్లీమీటర్లు పడడం డెల్టాలో వింతగా చెప్పుకునే సంగతేమీ కాదు. ఆ ఒక్క రోజున ఈ స్లాబు నుంచి దిగేది 8,400 లీటర్లు. డాబా మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు ఎనిమిది నిండి ఇంకా మిగులుతుంది.

ఇక తోట సంగతి. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు అంటే పెరటికి అదేమీ చిన్న తోట కాదు. మట్టి పైనుంచి నీరు పొర్లే అంచు దాకా పది సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే అందులో నిలిచేది 600 లీటర్లు. వానాకాలంలో మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి కొత్తగా తాగేది అంతంతమాత్రం. స్లాబు నీళ్లన్నీ అందులోకే తిప్పితే ఏడు మిల్లీమీటర్ల వాన పడకముందే నిండిపోతుంది. అది ఒక మోస్తరు జల్లు, అంతే. ఆ తర్వాత పడే ప్రతి చుక్కా ఎటో ఒకవైపు పోవాల్సిందే. వంద మిల్లీమీటర్ల వానలో తొంభై మూడు తోటకు అక్కర్లేని నీరు. అందుకే డెల్టాలో ఈ తోట వేయదలచినవారు ముందుగా తేల్చుకోవాల్సింది నీరు ఎటు పోతుందన్న సంగతి. ఏ మొక్కలు పెట్టాలన్నది ఆ తర్వాత.

పనిలో మొదటి మెట్టు గొట్టాలు పంచడం. స్లాబు ఇంటికి మామూలుగా మూలకొక గొట్టం ఉంటుంది. అందులో ఒక్కటే తోటకిచ్చి, మిగతావి ఎప్పటిలాగే బయటికి వదలాలి. స్లాబులో పావు వంతు, అంటే 23 చదరపు మీటర్ల నీరు తోటకొస్తుంది. మిల్లీమీటరుకు 21 లీటర్లు గొట్టం నుంచి, ఆరు లీటర్లు నేరుగా ఆకాశం నుంచి, మొత్తం 27. ఇప్పుడు అదే 600 లీటర్లు నిండాలంటే 22 మిల్లీమీటర్లు పడాలి. తోట విస్తీర్ణానికి నాలుగింతల కప్పు అన్న ఈ కొలత ఇక్కడి వానలకు చాలు, అంతకు మించితే అత్యాశే. పెంకుటిళ్లకు గొట్టాలు ఉండవు, చూరు పొడవునా కారుతుంది కాబట్టి ఒక వాలుకు మాత్రం పీవీసీ గట్టర్ బిగిస్తే సరిపోతుంది.

గొయ్యి ఇంకా లోతు చేస్తే ఎక్కువ నీరు పట్టదా అని అడగొచ్చు. పట్టదు. డెల్టా నడిబొడ్డున ఉన్నది ఒండ్రు, నల్లమట్టి. తడిసి ఉబ్బిన బంకమట్టిలోకి నీరు గంటకు కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. పైగా సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి పల్లపు ఊళ్లలో అడుగు తవ్వితే చాలు, ఊట. కింద అప్పటికే నిండి ఉన్న చోటికి పైనుంచి ఇంకేదేముంది? పట్టాకు చిల్లులు పెడితే నీరు కిందికి పోవడం అటుంచి, కింది నీరే పైకొస్తుంది. చిల్లులు లేకుండా ఖాళీ పట్టా పరిచి వదిలేసిన గుంటల్లో అయితే ఊట ఒత్తిడికి పట్టా ఉబ్బి పైకి లేస్తుంది. అంత లోతూ తవ్విన శ్రమే దండగ.

నిజం చెప్పాలంటే నల్లమట్టిలో పట్టా అక్కర్లేదు. ఇక్కడ చిత్తడి తోట అంటే పెరట్లో చేసుకున్న ఒక చిన్న వరి మడి. మడిని దమ్ము చేసినట్టే గోతి అడుగున నీళ్లు పెట్టి, బాగా కలియదొక్కి, ఒకటి రెండు రోజులు తేరనిస్తే మెత్తటి బంక అడుగుకు దిగి సందులు మూసేస్తుంది. నాట్లకు దమ్ము చేసేదీ కొంత ఇందుకే. ఊళ్లో ఈ పని తెలిసిన రైతు ఉండగా డబ్బు పెట్టి షీటు కొనడం ఎందుకో అర్థం కాదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రాన్ని ఆనుకున్న ఇసుక నేలల్లో కథ తిరగబడుతుంది. అక్కడ నీరు నిలవదు కాబట్టి పట్టా తప్పదు. రొయ్యల చెరువులకు వేసే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు ముక్క దొరికితే అంతకంటే గట్టిది లేదు. అక్కడ నీరు బయటికి పంపడంలోనూ తేడా ఉంది. తీర గ్రామాల ఇసుకలో వాన నీటి తీపి పొర పైన ఉంటుంది, దాని కింద ఉప్పు నీరు. తోట నుంచి పొర్లిన నీటిని పక్కనే ఇంకుడు గుంతలోకి దింపితే ఆ తీపి పొరకే చేరుతుంది. అదే ఇంకుడు గుంతను నల్లమట్టి ఊరిలో తవ్వితే ఆగస్టులో అది ఇంకో నీళ్ల గుంట, అంతకు మించి పనికిరాదు. ఇంకుడు గుంత అన్ని ఊళ్లకూ ఒకటే మందు అన్నట్టు ప్రచారం చేసేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నీరు పోయే దారి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పెరిగిన డెల్టా కాలువల ఏర్పాటులో రెండు వలలు వేరువేరుగా కనిపిస్తాయి. పంట కాలువలు, వాటి నుంచి చీలిన బోదెలు మెరక మీద నడుస్తాయి. మురుగు కాలువలు, అంటే డ్రెయిన్లు, పల్లాల్లో సాగి నదిలోకో సముద్రంలోకో చేరతాయి. ఇంటి పక్కన బోదె ఉంది కదా అని పెరటి నీరు దానిలోకి వదిలేవారున్నారు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువులు నింపేది ఆ పంట కాలువ నీటితోనే. కాబట్టి తోట పొర్లు వెళ్లాల్సింది డ్రెయిన్ వైపే.

డ్రెయిన్ దాకా వెళ్లాలంటే మధ్యలో వీధి ఉంది. అసలు చిక్కంతా అక్కడే. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేస్తారు. వీధి నాలుగంగుళాలు లేస్తుంది. కొత్తగా కట్టేవారు ఆ రోడ్డుకు రెండడుగుల పైన మెరక చేసుకుంటారు. పాత ఇల్లు ఉన్న చోటే ఉండి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లే అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానమవుతుంది, పెరడైతే ఇంకా కిందికి పోతుంది. ఇలాంటి ఇంట్లో చిత్తడి తోట వేస్తే అది వీధి మొత్తానికి పల్లం. నలుగురి నీళ్లూ, సబ్బు నురగతో సహా, అందులోకే వస్తాయి.

అందుకని పలుగు పట్టే ముందు మట్టాలు చూడాలి. పెద్ద వాన వెలిసిన మర్నాడు వీధి కాలువ గోడ మీద నీరు ఎక్కడిదాకా లేచిందో చెప్పే మట్టి చార ఉంటుంది. అది ఎండి రాలిపోకముందే సుద్దతో గీత గీసి పెట్టుకోవాలి. మేస్త్రీల దగ్గర ఉండే పారదర్శకమైన లెవెల్ పైపులో నీళ్లు నింపి, ఒక కొస ఆ గీత దగ్గర, ఇంకో కొస పెరట్లో పట్టుకుంటే రెండు చోట్లా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. పైపులో గాలి బుడగలు లేకుండా చూసుకోవాలి, లేదంటే లెక్క తప్పుతుంది. తోటలో నీరు పొర్లే అంచు ఆ మట్టానికి కనీసం నాలుగైదు అంగుళాలు పైన ఉండాలి. అంత ఎత్తు కుదరకపోతే తోటను గోతిలో కాకుండా ఇటుక గట్టు కట్టి నేల మీదే లేపాలి. డెల్టాలో చాలా పెరళ్లకు ఇదే మేలు. పేరుకు చిత్తడి తోట, కట్టేది మెరక మీద.

పొర్లు దారికి ఎక్కువమంది పీవీసీ గొట్టం పెడతారు. ఆకులు, కొబ్బరి పీచు, పూత రాలి దాని మూతికి అడ్డం పడితే వాన మధ్యలో గొడుగేసుకుని వెళ్లి చెయ్యి పెట్టి తీయాలి. దానికంటే చెరువు కలుజు, అంటే చెరువు నిండాక అదనపు నీరు పొర్లిపోయే కోత, ఆ పద్ధతి సులువు. గట్టులో ఒక చోట అడుగు వెడల్పున రెండంగుళాలు తగ్గించి, అడుగున నున్నటి బండ గానీ టైలు గానీ పరిచి, దాని ముందు పోతున్న నీటి తాకిడికి మట్టి కోసుకుపోకుండా గులకరాళ్లు పోస్తే చాలు. అడుగు వెడల్పు కోత మీద నీరు రెండంగుళాల మందాన పోతే సెకనుకు ఐదు లీటర్లకు పైగానే వెళ్తుంది. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున కుండపోతగా పడుతున్నప్పుడు స్లాబు మొత్తం నీరు కలిపినా సెకనుకు లీటరున్నర దాటదు. ఇంత వెడల్పున ఆకు అడ్డం పడినా నీరు పక్కనుంచి పోతుంది. ఏటా తొలకరికి ముందు గట్టు చుట్టూ తిరిగి పీత బొరియలు, పందికొక్కు కన్నాలు ఉన్నాయేమో చూసి బంకమట్టితో కూరాలి. కలుజు ఎంత బాగా కట్టినా నీరు బొరియ దారినే వెతుక్కుంటుంది.

పొర్లిన నీరు పక్కవాళ్ల దొడ్లోకి పోకుండా చూసుకోవడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్లలో సరిహద్దు తగాదాలు సగం చూరు నీళ్ల దగ్గరే మొదలవుతాయి. వాస్తు చూసేవారు గొయ్యి ఈశాన్యంలోనే ఉండాలంటారు. ఈశాన్యం వైపు వీధి కాలువ ఉంటే ఇద్దరికీ ఇబ్బంది లేదు. లేకపోతే గట్టు కట్టి లేపిన తోటను గొయ్యి అనరు కదా అని సర్దిచెప్పడమే మార్గం. ఏ దిక్కైనా ఇంటి గోడకు పదడుగుల దూరం పాటించాలి, సెప్టిక్ ట్యాంకు దరిదాపుల్లో అసలు వద్దు.

ఇంత చేసినా కొన్ని గంటలు, ఒక్కోసారి కొన్ని రోజులు నీరు కదలదు. సముద్రానికి దగ్గరి మండలాల్లో, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్ లాగదు, పాటు వచ్చేదాకా ఆగాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఇంకా ఎత్తుకు వస్తుంది, వాయుగుండం ఆ రోజుల్లోనే పడితే రెండూ తోడవుతాయి. ఎగువన వానలు పడి గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఇంకో రకం. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. ఆ రోజుల్లో నదిలోకి కలిసే డ్రెయిన్ల నీరు బయటపడదు. ఏటిగట్టు వెంబడి ఇళ్లలో చుక్క వాన లేకున్నా పెరడు ఊటెక్కుతుంది. 2022 జూలై వరద లాంటిది వస్తే, గట్టు బయట లంకల్లో తోట మాట దేవుడెరుగు. గట్టు లోపలివారు మాత్రం వీధి కాలువలో కలిసే గొట్టం కొసకు ఒక నాన్ రిటర్న్ వాల్వ్ బిగిస్తే కాలువ నీరు వెనక్కి రాకుండా ఆగుతుంది. కలుజు నుంచి తెరిచిన బోదె ఉంటే దానికి అడ్డంగా ఇసుక బస్తా వేయడం ఒక్కటే పని.

ఇలా నీరు నిలిచే రోజులను దృష్టిలో పెట్టుకునే మొక్కలు ఎంచుకోవాలి. వేరు నీటిలో ఉండడం వేరు, ఆకు మునగడం వేరు. తడి నేల మొక్కల కాడల్లో గాలి గొట్టాల్లాంటి ఖాళీలు ఉంటాయి, ఆకు పీల్చిన గాలి వాటి గుండా వేరుకు దిగుతుంది. ఆకులు పూర్తిగా మునిగితే ఆ దారి తెగిపోతుంది. వరి సంగతే చూడండి. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ మోకాలి లోతు బురదలో హాయిగా పెరుగుతుంది గానీ, వరసగా వారం పది రోజులు పైదాకా మునిగితే కుళ్లిపోతుంది. అందుకే మునకను తట్టుకునే జన్యువు చేర్చి స్వర్ణ సబ్-1 తయారు చేయాల్సి వచ్చింది. అది మన దేశంలో 2009లో విడుదలైంది. వరికే తప్పని ఇబ్బంది అరచేయంత ఎత్తున పాకే సరస్వతి ఆకుకు తప్పుతుందా?

కాబట్టి తోట అడుగు చదునుగా ఉండకూడదు. కలుజు వైపు లోతు, రెండో వైపు మెరక ఉండేలా వాలు పెట్టాలి. పొట్టివి మెరక వైపు: సరస్వతి ఆకు, నీటిబ్రాహ్మి, పొన్నగంటి. మధ్యలో చేమ, వస. లోతు వైపు నిలువెత్తు ఎదిగే మెట్టతామర, తుంగ. గట్టు మట్టి పట్టి ఉంచడానికి అంచున వట్టివేరు. కడియం నర్సరీల్లో మెట్టతామరలు, హెలికోనియాలు రంగురంగులవి దొరుకుతాయి. తూటికూర పెంచుకోవచ్చు గానీ కోసుకు తింటూ ఉండాలి, లేకపోతే తోటంతా అదే. జమ్ము జోలికి పోవద్దు, దాని దుంపవేర్లు పట్టాను చీల్చి గట్టు దాటతాయి. గుర్రపుడెక్కను పూలు బాగున్నాయని కాలువలోంచి తెచ్చి వేసేవారికి చేతులెత్తి నమస్కరించడం తప్ప చేయగలిగింది లేదు. ఇక పురుగుల్ని తినే మొక్కలు, చలి దేశాల చిత్తడి తోటల్లో ముద్దుగా పెంచుకునేవి, సారం లేని పుల్లటి మట్టిలో తప్ప బతకవు. డెల్టా ఒండ్రు వాటికి విషంతో సమానం.

సారం మాట వచ్చింది కాబట్టి, ఈ తోటకు పేడ ఎరువు అక్కర్లేదు. పశువుల పాక వైపు నుంచి వచ్చే నీటిని కూడా రానివ్వకూడదు. వస్తే వారంలో పచ్చటి నాచు పేరుకుంటుంది. తొలకరి మొదటి జల్లు స్లాబు మీద ఆరు నెలల దుమ్ము, రెట్టలు, ఎండుటాకులు కడుక్కుని వస్తుంది, దాన్ని కూడా తోటకు ఇవ్వకుండా గొట్టం పక్కకు తిప్పి పెట్టుకోవాలి.

దోమల భయం న్యాయమైనదే. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత కాలంగా పాతుకుపోయిందో తెలిసిందే. దాన్ని మోసే క్యూలెక్స్ మురుగులో పుడుతుంది, డెంగీ దోమ తేట నీటిలో. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా మన ఎండకు వారం పది రోజులు పడుతుంది. మట్టి పైన నీరు ఐదు రోజులకు మించి నిలవకుండా చూస్తే దోమ పిల్లలు రెక్కలు రాకముందే ఎండిపోతాయి. దీనికి కలుజు ఒక్కటే చాలదు, అది అంచు దాటిన నీటినే పంపుతుంది. మట్టి మట్టానికి రెండంగుళాల పీవీసీ గొట్టం ఒకటి గట్టు లోంచి బయటికి తీసి, లోపలి కొసకు గమ్ము పెట్టకుండా ఒక ఎల్బో (గొట్టాన్ని మలుపు తిప్పే వంపు ముక్క) తొడిగి ఉంచాలి. ఎల్బోను పైకి తిప్పితే నీరు దాని ఎత్తు దాకా నిలుస్తుంది, పక్కకు వాల్చితే మట్టి దాకా దిగిపోతుంది. ముసురు పట్టిన నెలల్లో వాల్చి ఉంచడం, వానలు వెనకబట్టాక నిలబెట్టడం. చెరువుల వాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు. నీరు దిగాక కూడా అక్కడక్కడ గుంటల్లో మిగిలే దానికి కప్ప పిల్లలు కాపలా. కప్పలు చేరితే వాటి వెనక నీరుకట్టె పాము కూడా రావచ్చు, అది విషం లేనిది గానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే తోట అంచున గడ్డి పొట్టిగా కత్తిరించి పెట్టుకోవడం మంచిది.

సంక్రాంతి దాటాక లెక్క తలకిందులవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు, గాలికి రోజుకు ఆరేడు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. ఆరు చదరపు మీటర్ల తోటకు అది 40 లీటర్లు, అంటే మూడు బకెట్లకు కొంచెం తక్కువ. కాలువలు కట్టేసే రోజుల్లో ఆ మూడు బకెట్లే ప్రశ్న. కూరలు, బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు నిస్సంకోచంగా పోయొచ్చు. ఆర్వో మిషన్ వదిలేసే నీరు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. మల్కిపురం, అల్లవరం, కాట్రేనికోన వైపు చాలా బోర్ల నీరూ అంతే. పోసిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. గట్టి పట్టా వేసిన తోటలో అది కిందికీ పోలేదు. రెండు వేసవులు గడిచేసరికి చేమ ఆకు అంచులు మాడి ముడుచుకుంటే తెగులని మందు కొట్టేస్తారు గానీ, మట్టి నాలుకకు తాకించినా చాలు, సంగతి తెలిసిపోతుంది.

పీట్‌కు బదులు కొబ్బరి పొట్టు వాడేవారు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. కోనసీమలో పొట్టుకు కొదవ లేదు, నీరు పట్టడంలో దానికి సాటి లేదు. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, కాబట్టి గోనెసంచిలో కట్టి మంచి నీటిలో నానబెట్టి, పిండి, ఎర్రటి కషాయం లేతరంగుకు వచ్చేదాకా నీళ్లు మార్చాలి. మట్టిలో మూడో వంతుకు మించి కలపనక్కర్లేదు.

వేసవంతా పేరుకున్న ఉప్పు పోవాలంటే తోట ఏడాదికి కొన్నిసార్లు నిండి పొర్లాల్సిందే. జూలైలో రెండు మూడు పెద్ద వానలకు ఎల్బో నిలబెట్టి, స్లాబు గొట్టం ఇంకొకటి కూడా తాత్కాలికంగా తోటలోకి తిప్పితే ఆ నీరు మట్టిని కడుక్కుంటూ కలుజు మీదుగా పోతుంది. డ్రెయిన్ లాగుతున్న రోజు చూసుకుని ఈ పని పెట్టుకోవాలి. పాత ఇళ్లలో మెరక కోసం మట్టి తీయగా మిగిలిన గుంట పెరట్లో ఇప్పటికే ఉంటే కొత్తగా తవ్వేదేమీ లేదు. అందులో పడిన చెత్త తీసి, ఒక వైపు వాలు సరిచేసి, కలుజు మట్టం ఎంతో లెవెల్ పైపుతో తేల్చుకుంటే మొక్కలు వెంటనే పెట్టుకోవచ్చు.